మహారాజశ్రీ 99.9 శాతం గారికి

మహారాజశ్రీ 99.9 శాతం గారి దివ్యసముఖమునకు,

‘99.9 శాతం క్రిములు ఖతం’ అని ముందువైపు రాసుకున్న మీ క్రిమిసంహారక స్ప్రే సీసా పట్టుకుని ఏళ్ల తరబడి వంటగట్టు తుడుస్తున్న అభాగ్యజీవి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే కుశలం మీ వైపే. ఇక్కడ మధ్యాహ్నమంతా తోమిన సింకు సాయంత్రానికే కంపు కొడుతోంది.

తప్పు నాదేనేమోనని సీసా వెనక్కి తిప్పాను. ఫోనుతో ఫొటో తీసి, వేళ్లతో సాగదీస్తే అప్పుడు కనబడింది: చల్లిన చోటు 10 నిమిషాలు తడిగా ఉండాలట! ముందువైపు మీ పేరేమో బొటనవేలంత, ఈ ముక్క చీమ తలకాయంత. ఇన్నాళ్లూ నేను చల్లడం, తుడిచేయడం, అంతా కలిపి 10 సెకన్ల భాగోతం. అయినా 10 నిమిషాలు ఏ గట్టు తడిగా ఉంటుందండీ? ఫ్యాను గాలికి మూడో నిమిషానికే ఆరిపోయింది. మళ్లీ చల్లాను. మళ్లీ ఆరింది. పైగా ముందు జిడ్డూ మురికీ కడిగేశాకే తమరు వేంచేస్తారట. కడిగేది నేనైతే తమరెందుకు దయచేసినట్టు?

పోనీ, మీ మాటే నిజమనుకుందాం. కోటి బ్యాక్టీరియాలో 99.9 శాతం పోతే 10,000 మిగులుతాయి. తిండీ తడీ వెచ్చదనం కుదిరితే ఈ.కొలై అనే బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. పదిసార్లు రెట్టింపైతే, అంటే 200 నిమిషాల్లో, మళ్లీ కోటి. నేను కునుకు తీసి లేచేసరికి బంధుజనమంతా దిగిపోతారన్నమాట.

నిమ్మ వాసన నా ముక్కును మోసం చెయ్యడానికేనని ఎప్పుడో అర్థమైంది. మీ మీద కోపంతో బ్లీచులో వెనిగర్ కలపబోయాను. క్లోరిన్ వాయువు పుడుతుందని గుర్తొచ్చి ఆగాను, లేకపోతే ముందు పోయేది నేనే.

ఇంతకీ చివర్లో గట్టు తుడిచింది దేంతో? నెలరోజులుగా సింకు మూల నాని ముద్దయిన స్పాంజితో. 2017లో జర్మనీ పరిశోధకులు వాడేసిన స్పాంజిలను పరీక్షిస్తే, కొన్నిచోట్ల ఘన సెంటీమీటరుకు 5,000 కోట్లకు పైగా బ్యాక్టీరియా ఉంది! సరే, ఆ కంపు పాపం నీది కాదు, ఒప్పుకున్నా. కానీ ఆ 10 నిమిషాల సంగతి ముందువైపే పెద్దక్షరాల్లో చెప్పడానికి నీకేం రోగం?

స్పాంజిని చెత్తబుట్టలో పడేశాను. గట్టు కడిగి, నిన్నే చల్లి, గడియారం ఎదురుగా పెట్టుకుని కాపలా కాస్తూ ఇది రాస్తున్నాను. ఇంకా నాలుగు నిమిషాలుంది. ఉండు, ఆ మూల ఆరిపోతోంది.