వేడి మీద మొరాయించే కారుకి చల్లారాక వైద్యమా?

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. అరగంట తిరిగి, పది నిమిషాలు ఆపి, మళ్ళీ తాళం తిప్పితే మొండికేస్తుంది. గంటాగితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. సెకండ్ హ్యాండ్ కార్లలో చాలా మామూలు జబ్బు ఇది. జరిగే వైద్యమూ అంతే మామూలు. ముందు బ్యాటరీ మారుస్తారు, తర్వాత ప్లగ్గులు, తర్వాత ఫ్యూయల్ పంపు. అప్పటికీ తగ్గకపోతే "ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు) పోయిందండీ" అంటారు. ఇన్ని పార్టులు మారినా వోల్టులూ ఓములూ కొలిచే మల్టీమీటరు మాత్రం ఒక్కసారి కూడా బయటికి రాదు!

ఒళ్ళు మండేది ఇక్కడే. కారు మొరాయించినప్పుడు ఎవరూ ఏదీ కొలవరు. చల్లారాక షెడ్డుకి తీసుకెళ్తారు, అక్కడ శుభ్రంగా స్టార్ట్ అవుతుంది. ఇక మెకానిక్ ఏం చూస్తాడు, ఊహించి ఏదో ఒకటి మారుస్తాడు. కారుని అక్కడే వేడెక్కించి, ఆపి, మొరాయించేదాకా కాచుకుని, అప్పుడు మీటరు పెట్టాలి. ఇంజిన్ ఆగగానే నీళ్ల ప్రవాహం, ఎదురుగాలి రెండూ ఆగిపోతాయి. ఇంజిన్ దిమ్మలో ఉన్న వేడంతా పైకి పాకి సెన్సర్లకీ, ఇంజెక్టర్లకి ఇంధనం పంచే పైపు ఫ్యూయల్ రైలుకీ, సెల్ఫ్ మోటారుకీ పడుతుంది. నడిచేటప్పటికంటే ఆపిన తర్వాతి 10–20 నిమిషాల్లోనే అవి ఎక్కువ కాగుతాయి. మీకు దొరికే సమయం అంతే.

ముందు తేల్చుకోవాల్సింది సెల్ఫ్ తిరుగుతోందా లేదా అన్నది. ఈ రెండూ వేరువేరు జబ్బులు. "స్టార్ట్ అవట్లేదు" అని రెంటినీ ఒకే మాటలో చెప్పేస్తే మెకానిక్‌ని మీరే తప్పుదారి పట్టించినట్టు.

టక్‌మని ఊరుకున్నా, నీరసంగా తిరిగినా దారి కరెంటు వైపు. బ్యాటరీ నిండుగా ఉంటే ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగకూడదు. అది సరిగ్గా ఉంటే, సెల్ఫ్ కొడుతూనే బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ మోటారు లావు బోల్టు దాకా మీటరు పెట్టండి. 0.5 వోల్టు దాటితే కేబులో, దాని బిగింపో చెడినట్టు. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్ దిమ్మకి 0.3 దాటితే ఎర్త్ వైరు చూడాలి. సోలెనాయిడ్‌కి (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చు) వచ్చే సన్న తీగలో 8, 9 వోల్టులే వస్తున్నాయంటే తాళం స్విచ్చో, రిలేనో, క్లచ్ లేదా న్యూట్రల్ స్విచ్చో మధ్యలో తినేస్తోంది. చల్లగా ఉన్నప్పుడు ఆ కాస్త వోల్టేజీతోనే పని జరిగిపోతుంది. సోలెనాయిడ్ లోపలి రాగి చుట్ట 80 డిగ్రీలు అదనంగా వేడెక్కితే దాని నిరోధం దాదాపు 30 శాతం పెరుగుతుంది, సోలెనాయిడ్ పట్టు ఆ మేరకు సడలుతుంది. వోల్టేజీలన్నీ బాగుండి కూడా టక్ దగ్గరే ఆగితే అప్పుడు సెల్ఫ్ మోటారు విప్పండి. అంతకు ముందు వద్దు.

సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే, ఈసీఎం లెక్కలు చూపే స్కానర్ తగిలించి సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) చూడండి. 150–250 మధ్య చూపించాలి. సున్నా చూపిస్తే మొదటి అనుమానం ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్ మీదే. ఇంజిన్ తిరుగుతున్నట్టు ఈసీఎంకి తెలియకపోతే స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ ఇవ్వదు. సెన్సర్ లోపలి సన్న చుట్ట వేడికి సాగి తెగుతుంది, చల్లారాక మళ్ళీ అతుక్కుంటుంది. "ఎర్రర్ కోడ్ ఏమీ లేదు, సెన్సర్ బాగానే ఉంది" అనే మాట నమ్మకండి, ఇది పోయినా కోడ్ పడని సందర్భాలు బోలెడు.

రెండు తీగల మాగ్నెటిక్ సెన్సరైతే సాకెట్ పీకి ఓములు చూడండి. మోడల్‌ని బట్టి మారినా చాలావాటిలో 500–1,500 మధ్య ఉంటుంది. వేడి మీద మీటరు అనంతం చూపిస్తే ఇక వాదన అక్కర్లేదు. హాల్ సెన్సరైతే, అంటే చుట్టకి బదులు లోపల చిప్ ఉండే రకమైతే, ఓములు చూడటం దండగ. దానికి 5 లేదా 12 వోల్టుల సప్లై, ఎర్త్ వస్తున్నాయా, సిగ్నల్ తీగలో పల్స్ కొడుతోందా అని చూడాలి. మూడు తీగలున్నంత మాత్రాన హాల్ అనుకోకండి. కొన్నింట్లో మూడోది సిగ్నల్‌ని కాపాడే షీల్డ్ మాత్రమే, వైరింగ్ డయాగ్రామ్ చూసి తేల్చుకోండి. మీటరు లేనివాళ్ళకి తడిగుడ్డ ఉంది. కారు మొండికేసిన ఆ క్షణంలోనే సెన్సర్ ఒంటి మీద తడిగుడ్డ వేసి రెండు నిమిషాలు ఆగండి. సైలెన్సర్ పైపు మీదా, సాకెట్ లోపలా నీళ్ళు పడకూడదు. వెంటనే స్టార్ట్ అయితే దొంగ దాదాపు దొరికినట్టే. మార్చేటప్పుడు మాత్రం ఒరిజినల్ వేయండి. చవక నకళ్ళు కొత్తలోనే వేడికి పోతాయి, అప్పుడు సెన్సర్ కొత్తదే కదా అని దాన్ని వదిలేసి కారంతా వెతుకుతారు.

ఆర్పీఎం వస్తుంటే పైసా ఖర్చులేని పరీక్షలు రెండు. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో అలా చేస్తే ఇంజెక్టర్లు ఆగిపోతాయి, గాలే వెళ్తుంది. దాంతో అందుకుంటే లోపల పెట్రోలు ఎక్కువైనట్టు. ఇంజెక్టర్ కారుతుండొచ్చు, ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోవచ్చు (ట్యాంకు నింపించిన వెంటనే మొండికేస్తే ముందు దీన్నే చూడండి, కరెంటు లేనప్పుడు దీంట్లోంచి గాలి పోకూడదు), ఇంజిన్ నీళ్ల టెంపరేచర్ సెన్సర్ అబద్ధం చెబుతుండొచ్చు. కాగిన ఇంజిన్‌కి స్కానర్‌లో 20 డిగ్రీలో మైనస్ 40 డిగ్రీలో కనిపిస్తే ఈసీఎం చలికాలపు మోతాదు పోస్తుంది. ఈ సెన్సర్ చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓములు, 80 దగ్గర 300 చిల్లర చూపిస్తుంది.

రెండో పరీక్షకి సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి, రెండు మూడు సెకన్లు ఆగి, ఆఫ్ చేయండి. ఇలా మూడుసార్లు. ప్రతిసారీ పంపు కాసేపు తిరిగి లైన్లో ప్రెషర్ నింపుతుంది. ఆ తర్వాత అందుకుంటే ప్రెషర్ నిలవట్లేదు, వేడికి పెట్రోలు లైన్లోనే ఆవిరవుతోంది. గేజ్ పెట్టి ఖాయం చేసుకోండి. మామూలు ఇంజెక్షన్ కార్లలో 3–4 బార్ ఉంటుంది, ఆపిన రెండు నిమిషాలకే సున్నాకి పడిపోతే పంపులో పెట్రోలుని వెనక్కి పోనివ్వని చెక్ వాల్వో, ప్రెషర్ రెగ్యులేటరో, ఇంజెక్టరో లీక్.

డీజిల్ కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే హై ప్రెషర్ పైపు నుంచి డీజిల్ అందే పద్ధతి) కథ వేరు. కాగిన డీజిల్ పలచనవుతుంది, అరిగిన ఇంజెక్టర్ల నుంచి ట్యాంకుకి వెనక్కి పోయే రిటర్న్ పైపుల్లోకి కారిపోతుంది. సెల్ఫ్ మీద రైలు ప్రెషర్ 200–250 బార్‌కి చేరకపోతే చాలా కార్లు ఇంజెక్టర్లు తెరవనే తెరవవు. రిటర్న్ పైపులకి తలా ఒక సీసా కట్టి ఎందులో ఎక్కువ నిండుతుందో చూస్తే పాపాత్ముడు ఎవరో తెలుస్తుంది. హై ప్రెషర్ పైపులు మాత్రం ముట్టుకోవద్దు, ఆ ధార చర్మంలోంచి దూసుకుపోతుంది.

గ్యాస్ మీద ఎక్కువ నడిచిన కారైతే వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) కూడా చూపించండి. వాల్వ్ కూర్చునే సీటు అరిగి ఆ సందు తగ్గితే, వేడికి వాల్వ్ సాగి పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది. దీన్ని స్కానర్ పట్టుకోలేదు.

కొనే ముందే ఇది బయటపడాలంటే రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపండి. ఆపి, బానెట్ తెరవకుండా, పదిహేను నిమిషాలు కాగితాలు చూస్తూ కూర్చుని, అప్పుడు తాళం తిప్పండి. అమ్మేవాడు "బ్యాటరీ కొంచెం డౌన్ అండీ" అంటే వాదించొద్దు, మీటరు తీసి బ్యాటరీ మీద పెట్టండి. 12.6 చూపిస్తుంటే బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి.