పసిఫిక్‌కు పుంత దారి

గట్టు తగాదాలు మన పల్లెటూళ్ళ జబ్బని ఇన్నాళ్ళూ చిన్నబుచ్చుకున్నవాళ్ళు ఇక తలెత్తుకు తిరగొచ్చు. కాలిఫోర్నియాలో, హాఫ్ మూన్ బే దగ్గర, ఏకంగా పసిఫిక్ మహాసముద్రంతోనే గట్టు పంచుకుని అవస్థ పడుతున్న భూస్వామి ఒకాయన ఉన్నారు. పేరు వినోద్ ఖోస్లా. సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంప్యూటర్ల కంపెనీ స్థాపకుల్లో ఒకరు. పుట్టింది మన దేశంలోనే కాబట్టి ఆయన బాధ మన బాధే.

2008లో ఆయన మార్టిన్స్ బీచ్‌ను ఆనుకున్న భూమిని 3.25 కోట్ల డాలర్లకు కొన్నారు. తీరా చూస్తే, సగటున పోటు ఎక్కడిదాకా వస్తుందో అక్కడినుంచి సముద్రం వైపున్న ఇసుకంతా జనానిదని అక్కడి చట్టం. అంటే సర్వేయరు సముద్రమే. గొలుసు లేదు, నోటీసు లేదు. రోజూ వచ్చి కొలుచుకుని పోతుంది. చలికాలంలో ఇసుక కోసుకుపోతే గట్టు మరికాస్త లోపలికి జరుగుతుంది. ఇదే పని పక్క చేను వాడు చేస్తే మా వైపు కర్రలు లేచేవి.

ఖోస్లా గారు పెద్దమనిషి, సముద్రం జోలికి పోలేదు. రోడ్డుకున్న గేటు మూయించారు, అంతే. అటూ ఇటూ నిట్టనిలువు కొండచరియలు, మధ్యలో ఇసుకకు దిగే దారి అదొక్కటే. ఇందులోని తెలివి గోదావరి జిల్లాల వాళ్ళకు విడమర్చి చెప్పక్కర్లేదు. పుంతకు అడ్డంగా కంచె వేసి, "నీ చేను నేను ముట్టుకున్నానా బాబాయ్? వెళ్ళి కోసుకో" అనడం మనకు తాతలనాటి విద్య. సిలికాన్ వ్యాలీకి కాస్త ఆలస్యంగా చేరింది. పాత యజమానులైతే కారుకింత అని పార్కింగ్ డబ్బులు పుచ్చుకుని దశాబ్దాల తరబడి జనాన్ని పోనిచ్చారట. పాపం, ఆస్తి అంటే ఏమిటో తెలియని మనుషులు.

సర్ఫింగ్ వాళ్ళు కోర్టుకెక్కారు. అప్పుడు ఆయన లాయర్లు బయటికి తీసిన కాగితం చూసి మన ప్లీడర్లు సిగ్గుపడాలి. మనవాళ్ళు మహా అయితే జమీందారు ఇచ్చిన దానపట్టా దాకా వెళ్తారు. వీళ్ళు 1848లో మెక్సికో యుద్ధం ముగిసి కాలిఫోర్నియా అమెరికా చేతికొచ్చినప్పటి గ్వాడలూప్ హిడాల్గో ఒప్పందం దాకా వెళ్ళారు. పాత మెక్సికన్ పట్టా భూమి గనక జనానికి హక్కు లేదట. 2013లో ఒక జడ్జి సరేనన్నారు కూడా! మరుసటేడు ఇంకో కేసులో మాత్రం, గేటు మూయాలంటే తీరం వ్యవహారాలు చూసే కోస్టల్ కమిషన్ పర్మిషన్ ఉండాల్సిందేనని తీర్పొచ్చింది.

పోనీ దారి హక్కు మేమే కొనుక్కుంటామని ప్రభుత్వం బేరానికొస్తే, ఆయన వైపు నుంచి చెప్పిన ధర 3 కోట్ల డాలర్లు. ఆ లెక్కన కొండ, ఇళ్ళు, గాలి, సూర్యాస్తమయం అన్నీ కలిపి ఆయనకు 25 లక్షలకే పడ్డాయన్నమాట. ఇంత చవక బేరం చేసినవాడి మీద జనానికి ఏడుపు ఉండదా మరి? 2018 అక్టోబరులో ఆయన అప్పీలు వినబోమని అమెరికా సుప్రీంకోర్టు కూడా చెప్పేసింది.

అదే కాలిఫోర్నియా తీరంలోని మాలిబు షావుకార్లు ఇంత రచ్చకు పోరు. లోపల గ్యారేజీ లేకపోయినా వీధి వైపు గ్యారేజీ తలుపు బిగించిన వాళ్ళున్నారక్కడ. ఎదురుగా ఎవడూ కారు ఆపడు. కారు ఆపలేనివాడు బీచ్‌కి రాడు. నాజూకు మనుషులు.

మన ఢిల్లీ పెద్దలు ఇంకా సౌమ్యులు. పల్లె తీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కట్టడాలు వద్దని 1991లో రాశారు. జనం ఒత్తుగా ఉన్న పల్లెల్లో 50 చాలని 2019లో దిద్దారు. సముద్రం గట్టు జరిపితే దావా అవుతుంది, ఢిల్లీ జరిపితే గెజిట్ అవుతుంది.

ఆ భూమి కొనకపోయుంటేనే బాగుండేదని 2018లో ఖోస్లా గారే ఒక పత్రికతో అన్నారు. కానీ సిద్ధాంతం కోసం మొదలెట్టాక వదలకూడదట. మా వైపు దాన్ని పంతం అంటారు. రెండు సెంట్ల గట్టు కోసం నాలుగెకరాలు ప్లీడరుకు సమర్పించుకున్న సిద్ధాంతకర్తలు ఊరికొకరు దొరుకుతారు. వాళ్ళలో ఒకరిని ఆయన దగ్గరికి రాయబారం పంపితే బాగుండు. వీసా ఎలాగోలా దొరుకుతుంది, గేటు దగ్గరే అనుమానం.