సవరణ: 'మాత్ర్యోషికా' పాటలో గొంతులు రెండు

కంప్యూటర్ గొంతులు పాడిన జపనీస్ పాటల్లో తప్పక వినాల్సినవంటూ మొన్న ఇచ్చిన జాబితాలో, 2010 నాటి 'మాత్ర్యోషికా'ను హత్సునె మికు అనే కంప్యూటర్ గొంతు ఒక్కటే పాడిందని రాశాను. అది తప్పు. మికుతో పాటు గుమి అనే మరో కంప్యూటర్ గొంతు కూడా పాడింది. ఈ పాట కట్టిన హాచి పెట్టిన అసలు వీడియో పేరులోనే ఇద్దరి పేర్లూ ఉన్నాయి. హెడ్‌ఫోన్స్‌లో వినండి: మికుది సన్నటి, పదునైన గొంతు, గుమిది కాస్త నిండుగా ఉంటుంది. ఆ రెండూ కలబడటమే ఈ పాటకు ప్రాణం.

ఇంకో మాట. 'కంప్యూటర్ గొంతు' అన్నానని, ఇందులో మనుషులెవరూ లేరని కొందరు అనుకున్నారు. అలా కాదు. మికుకు ఫుజితా సాకి, గుమికి నకజిమా మెగుమి గొంతిచ్చారు. వాళ్లు రికార్డు చేసిన శబ్దాల ముక్కలనే సాఫ్ట్‌వేర్ అతికి పాడిస్తుంది. ఏ అక్షరం ఏ స్వరంలో, ఎంతసేపు పలకాలో పాట కట్టినవాళ్లే దిద్దుతారు.