కెమిస్ట్రీకి ఇంటర్నెట్ పనికిరాదన్న ప్రచారానికి సమాధానం

డిగ్రీ, పీజీ ప్రవేశాల కాలం వచ్చిందంటే తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది. ఉచితంగా దొరికే కెమిస్ట్రీ సమాచారమంతా తప్పుల తడక. అసలైన పరిశోధన పత్రాలు లక్షలు కట్టగల పెద్ద సంస్థలకే అందుతాయి. ఉన్నదంతా ఇంగ్లీషులోనే కాబట్టి తెలుగు మీడియం పిల్లలకు ఒరిగేదేమీ లేదు. సాఫ్ట్‌వేర్ మనం కొనలేం. ల్యాబ్ లేని కెమిస్ట్రీ చదువే కాదు. సందేహం వస్తే ఏఐని అడిగితే సరిపోతుంది, మిగతాదానికి డబ్బు కట్టి కోర్సులో చేరాలి. ఈ సందేశాన్ని పంపేవారిలో చాలామంది పిల్లల మేలు కోరేవారేనని నాకు తెలుసు. అయినా దీన్ని నమ్మి, చేతిలో ఉన్న ఫోనులోనే దొరికే మంచి వనరులను తెరిచి కూడా చూడని విద్యార్థులను కెమిస్ట్రీ బోధించే వ్యక్తిగా చూస్తున్నాను కాబట్టి, ఒక్కో మాటనూ విడిగా పరిశీలించవలసి వచ్చింది.

ఉచితమైనదంతా తప్పే అన్న మొదటి మాట దగ్గరే చిక్కు ఉంది. కెమిస్ట్రీలో ఉచితంగా అందే వనరుల్లో ముఖ్యమైనవి ఎవరో సరదాగా రాసి పెట్టినవి కావు. అవి ప్రజాధనంతో ప్రభుత్వ సంస్థలు నడుపుతున్నవి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆధ్వర్యంలో 2004లో మొదలైన పబ్‌కెమ్‌లో ఈనాడు 10 కోట్లకు పైగా సమ్మేళనాల వివరాలు ఉన్నాయి. అక్కడి ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 1996 నుంచి నడుపుతున్న కెమిస్ట్రీ వెబ్‌బుక్‌లో 16,000కు పైగా సమ్మేళనాల ఐఆర్ స్పెక్ట్రాలు (స్పెక్ట్రా అంటే పదార్థాన్ని గుర్తుపట్టడానికి తోడ్పడే రేఖాచిత్రాలు), 33,000కు పైగా సమ్మేళనాల మాస్ స్పెక్ట్రాలు ఉన్నాయి. జపాన్ ప్రభుత్వ పరిశోధన సంస్థ నిర్వహించే ఎస్‌డీబీఎస్‌లో సుమారు 34,000 కర్బన సమ్మేళనాల స్పెక్ట్రాలు ఉన్నాయి. వారు కోరేదల్లా రోజుకు యాభైకి మించి దించుకోవద్దని మాత్రమే. ఎమ్మెస్సీలో స్పెక్ట్రోస్కోపీ లెక్కలు చేసే విద్యార్థికి ఒకే సమ్మేళనం ఐఆర్, ఎన్‌ఎంఆర్, మాస్ స్పెక్ట్రాలు పక్కపక్కన పెట్టుకుని చూసే అవకాశం ఏ గైడులోనూ దొరకదు.

పబ్‌కెమ్‌లో ఎసిటోన్ పేజీ తెరిచి మరుగు స్థానం దగ్గరకు వెళ్తే ఒకటి కాదు, అనేక విలువలు కనిపిస్తాయి. ఒక చోట 133 అనీ, మరొక చోట 56 అనీ ఉంటుంది. చూసినవారు వెంటనే ఇదంతా తప్పు అనుకుంటారు. కాస్త నిదానంగా చూస్తే మొదటిది ఫారెన్‌హీట్ అనీ, రెండోది సెల్సియస్ అనీ, రెండూ ఒకే ఉష్ణోగ్రత అనీ తెలుస్తుంది. ప్రతి విలువ కిందా అది ఎక్కడి నుంచి తీసుకున్నదో రాసి ఉంటుంది. మార్కెట్లో దొరికే చాలా గైడ్లలో ఈ సంఖ్యకు ఆధారమేమిటి అని అడిగితే జవాబు ఉండదు. ఇక్కడ ఆధారం సంఖ్య కిందే ఉంది. పబ్‌కెమ్ అనేక సంస్థలు ఇచ్చిన సమాచారాన్ని ఒక చోట చేర్చేది కాబట్టి అక్కడక్కడ పొరపాట్లు దొర్లడం నిజమే. కానీ ఆ పొరపాటును పట్టుకునే దారి కూడా ఆ పేజీలోనే కనిపిస్తోంది.

ఇంతకంటే గట్టి ఉదాహరణ ఆర్గానిక్ సింథసిస్. 1921లో మొదలైన ఈ ప్రచురణ ఇప్పుడు ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితం. ఎవరైనా ఒక సంశ్లేషణ పద్ధతిని పంపితే దాన్ని చదివి ఊరుకోరు. సంపాదకవర్గ సభ్యుల్లో ఒకరి ప్రయోగశాలలో మళ్లీ చేసి చూసి, ఫలితం సరిపోతేనే అచ్చు వేస్తారు. పద్ధతిని పంపినవారి పేర్లతో పాటు సరిచూసినవారి పేర్లు కూడా ఉంటాయి. కింద ఉండే గమనికల్లో ఏ కారకం ఎంత శుద్ధమైనది వాడారో, చేర్చేటప్పుడు ఉష్ణోగ్రత పెరిగితే ఏమవుతుందో, రంగు ఎప్పుడు మారుతుందో వివరంగా రాస్తారు. సాధారణ పరిశోధన పత్రంలో ఒక్క వాక్యంతో దాటవేసే విషయాలివి. ఇది ఉచితంగా ఉండగా ఉచితమైనవన్నీ తప్పులే అనడం న్యాయం కాదు.

ఇదే వరుసలో ప్రోటీన్ డేటా బ్యాంకును గుర్తుచేయాలి. 1971లో కేవలం 7 ప్రోటీన్ నిర్మాణాలతో ప్రారంభమైన ఈ ఉచిత భాండాగారంలో ఇప్పుడు రెండు లక్షలకు పైగా నిర్మాణాలు ఉన్నాయి. 2024లో కెమిస్ట్రీ నోబెల్ బహుమతిలో సగాన్ని డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు తెచ్చిపెట్టిన, ప్రోటీన్ నిర్మాణాలను అంచనా వేసే ఏఐ అయిన ఆల్ఫాఫోల్డ్ ఈ భాండాగారంలోని నిర్మాణాల ఆధారంగానే శిక్షణ పొందింది. నోబెల్ స్థాయి పరిశోధనకు పునాది అయిన సమాచారం తిరుపతి విద్యార్థికి మాత్రం పనికిరాదని చెప్పడానికి కారణం ఏదీ నాకు కనిపించదు.

అలాగని యూట్యూబులో కనిపించే ప్రతి వీడియోనూ, ప్రతి ప్రశ్నోత్తరాల పేజీనీ నేను సమర్థించడం లేదు. వాటిలో తప్పులు చాలానే ఉన్నాయి. నడిపేది ఎవరు, చెప్పిన సంఖ్యకు ఆధారం చూపుతున్నారా లేదా అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే నమ్మదగినవి ఏవో చాలావరకు తేలిపోతుంది.

రెండో మాట పరిశోధన పత్రాల గురించి. కొన్నేళ్ల క్రితం ఇందులో చాలా నిజం ఉండేది. ఇప్పుడు పరిస్థితి మారింది. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదం తెలిపింది. 2025 జనవరి నుంచి అమలవుతున్న ఈ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు దీని పరిధిలో ఉన్నాయి. అమెరికన్ కెమికల్ సొసైటీ, ఎల్సెవియర్, వైలీ, స్ప్రింగర్ నేచర్ వంటివి వాటిలో ఉన్నాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నత విద్యాసంస్థలన్నీ ఇందులోకి వస్తాయి. అంటే తిరుపతిలోని ఐఐటీకీ, ఐసర్‌కూ అందే పత్రికలే ఇక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయానికీ, చిత్తూరు ప్రభుత్వ డిగ్రీ కళాశాలకూ అందవలసినవి. కళాశాల తన పేరు నమోదు చేయించుకోవాలి, గ్రంథాలయం విద్యార్థులకు ఆ మాట చెప్పాలి. మీరు ప్రభుత్వ కళాశాలలో చదువుతుంటే లైబ్రేరియన్‌ గారిని ఈ పథకం పేరు చెప్పి అడగండి.

ప్రైవేటు కళాశాలలు మొదటి దశలో ఈ పథకంలో లేవు. మన ప్రాంతంలో చాలామంది చదివేది వాటిలోనే కాబట్టి ఇది చిన్న లోటు కాదు, ఈ విషయంలో ఆ సందేశం రాసినవారి బాధ సబబైనదే. కానీ వారికి కూడా దారులు మూసుకుపోలేదు. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 1996 నుంచి విద్యార్థుల కోసం తెస్తున్న రెసొనెన్స్ పత్రిక, అదే అకాడమీ ప్రచురించే జర్నల్ ఆఫ్ కెమికల్ సైన్సెస్ అకాడమీ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. 2005లో మొదలైన బైల్‌స్టైన్ జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీ పాఠకుల నుంచి గానీ రచయితల నుంచి గానీ ఒక్క పైసా తీసుకోదు. అన్‌పేవాల్ అనే చిన్న ఉపకరణాన్ని బ్రౌజరులో పెట్టుకుంటే, చందా అడిగే పత్రానికి చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడైనా ఉంటే చూపిస్తుంది. 2017లో వచ్చిన కెమ్‌ఆర్కైవ్‌లో పత్రాలు అచ్చుకు ముందే దొరుకుతాయి, అయితే వాటిని నిపుణులు ఇంకా సమీక్షించలేదన్న సంగతి గుర్తుంచుకుని చదవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనం రంగు మీద ప్రాజెక్టు చేయాలని ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని అనుకుందని భావిద్దాం. తెలుగు పేరుతో వెతికితే అక్రమ రవాణా వార్తలే వస్తాయి. టెరోకార్పస్ శాంటలైనస్ అన్న శాస్త్రీయ నామంతో వెతికితే ఆ ఎరుపుకు కారణమైన శాంటలిన్‌ల పేర్లు వస్తాయి. ఆ పేరును పబ్‌కెమ్‌లో వేస్తే అణు నిర్మాణం, దానికి సంబంధించిన పత్రాల జాబితా వస్తాయి. ఆపైన శోధగంగలో చూస్తే ఇదే చెట్టు మీద మన దేశంలో జరిగిన పీహెచ్‌డీ పరిశోధనలు దొరుకుతాయి. దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ శోధగంగలో చేర్చి అందరికీ తెరిచి ఉంచింది. 1954లో స్థాపితమైన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధనలు కూడా అక్కడ ఉన్నాయి. పత్రాల్లో రెండు మూడు పేజీలకు కుదించిన ప్రయోగ వివరాలు సిద్ధాంత గ్రంథంలో అధ్యాయాలుగా ఉంటాయి. కొత్తగా పరిశోధనలోకి వచ్చినవారికి అవే ఎక్కువ ఉపయోగపడతాయి. ఇంతవరకు ఖర్చు డేటా రీచార్జి మాత్రమే.

రసాయన చర్యలను వెతికే సైఫైండర్, రియాక్సిస్ వంటి డేటాబేస్‌లు ఇప్పటికీ చందా కట్టినవారికే అందుతాయన్నది నిజం. ఒక చర్యకు గతంలో ఎవరెవరు ఏ పరిస్థితులు వాడారో వెతకడంలో వాటికి సమానమైన ఉచిత వనరు లేదు. సంశ్లేషణలో పీహెచ్‌డీ చేసేవారికి ఆ లోటు తెలుస్తుంది. డిగ్రీ, పీజీ విద్యార్థికి మాత్రం అది అడ్డంకి కాదు.

తెలుగు మీడియం వారికి ఒరిగేదేమీ లేదన్న మాట నన్ను ఎక్కువగా బాధించింది, ఎందుకంటే ఇది పిల్లల ధైర్యాన్ని దెబ్బతీస్తుంది. ఇంగ్లీషు ఎక్కువన్నది కాదనలేం. అయితే కెమిస్ట్రీలో సగం భాష బొమ్మలది. బెంజీన్ వలయం, చర్యా విధానంలో గీసే వంపు బాణం, ఎన్‌ఎంఆర్‌లో మూడు గీతలుగా చీలిన శిఖరం ఏ మీడియం వారికైనా ఒకటే. పబ్‌కెమ్‌లో స్పెల్లింగు తెలియకపోయినా నిర్మాణం గీసి వెతికే సదుపాయం ఉంది. కొలరాడో విశ్వవిద్యాలయం 2002 నుంచి తయారు చేస్తున్న ఫెట్ కంప్యూటర్ అనుకరణల్లో కొన్నింటిని తెలుగులోనే తెరిచి, అణువులను కూర్చుతూ, సమీకరణాలను తుల్యం చేస్తూ నేర్చుకోవచ్చు. ఆన్‌లైన్‌లో పాఠాలు అందించే ఎన్‌పీటెల్ కోర్సుల్లో కొన్నింటికి తెలుగు అనువాదాలు వచ్చాయి. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషుతో వస్తున్నాయి. ఆ రెండు పేజీలను ఎదురెదురుగా పెట్టుకుని చదివితే పారిభాషిక పదాలు వాటంతటవే పట్టుబడతాయి.

సాఫ్ట్‌వేర్ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. అణువులను గీసి త్రిమితీయంగా చూడటానికి అవొగాడ్రో, స్ఫటిక నిర్మాణాలు చూడటానికి మెర్క్యురీ ఉచితంగా దొరుకుతాయి. క్వాంటం గణనలకు ఓర్కా విద్యారంగంలోని వారికి ఉచితం. దొంగ కాపీలు దించుకుని కంప్యూటర్‌లోకి వైరస్ తెచ్చుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

ల్యాబ్ లేకుండా కెమిస్ట్రీ రాదన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. బ్యూరెట్ కుళాయిని వేళ్లతో తిప్పుతూ చివరి చుక్క దగ్గర ఆపడం తెర మీద చూసి వచ్చే విద్య కాదు. అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ కలిసి తెచ్చిన ఓల్యాబ్స్ వంటి ఆన్‌లైన్ ప్రయోగశాలలు కూడా ప్రయోగానికి ముందు సన్నద్ధం కావడానికే. కానీ ఆ సందేశం ఇక్కడి నుంచి ఇంటర్నెట్ వృథా అన్న ముగింపుకు పోతోంది, అది ఒప్పుకోలేను. చిత్తూరు జిల్లాలో బోరు నీళ్లు తెచ్చి కఠినత్వం కొలవాలనుకున్న బీఎస్సీ విద్యార్థి ఏ పద్ధతి అనుసరించాలి? దానికి ఐఎస్ 3025 అనే భారతీయ ప్రమాణంలో 21వ భాగం ఉంది. వచ్చిన విలువను దేనితో పోల్చాలి? తాగునీటికి ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే నీరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. ఈ ప్రమాణాలను భారతీయ ప్రమాణాల సంస్థ తన పోర్టల్‌లో ఉచితంగా ఇస్తోంది. కఠినత్వం కొలిచే ఈడీటీఏ టైట్రేషన్ చేసేది ల్యాబ్‌లోనే, కానీ దేశమంతా ఆమోదించిన పద్ధతి చేతికి వచ్చేది ఇంటర్నెట్ నుంచి. పైగా ప్రతి కారకానికీ భద్రతా పత్రం ముందు రాత్రే చదువుకుని రావచ్చు. ప్రమాదాల నుంచి కాపాడే ఆ అలవాటు ఎంతమంది విద్యార్థులకు ఉందో అధ్యాపకులు ఒకసారి విచారించాలి.

ఏఐని అడిగితే సరిపోతుందన్న మాట వీటన్నింటిలోకి ప్రమాదకరమైనది. ఏఐ ఒక భావనను సులభంగా వివరించగలదు, నేను కాదనను. కానీ లేని పత్రాన్ని ఉన్నట్టుగా, లేని సంఖ్యను నిజమైనదిగా అంతే ధీమాతో చెప్పగలదు. అందుకే అది ఇచ్చినదాన్ని సరిచూడటం నేర్చుకోవాలి. ప్రతి రసాయన పదార్థానికీ గుర్తింపుగా ఉండే సీఏఎస్ నంబరునే తీసుకోండి. ఎసిటిక్ ఆమ్లానికి అది 64-19-7. చివరి 7ను పక్కన పెట్టి, మిగిలిన అంకెలను కుడి నుంచి వరుసగా 1, 2, 3, 4తో గుణించాలి. 9, 2, 12, 24 వస్తాయి. మొత్తం 47. ఒకట్ల స్థానంలోని 7 నంబరులోని చివరి అంకెతో సరిపోయింది. అదే నంబరును పొరపాటున 64-91-7 అని రాస్తే మొత్తం 55 అవుతుంది, చివరి అంకె కలవదు, తప్పు బయటపడుతుంది. కాగితం మీద అర నిమిషంలో చేయగల లెక్క ఇది. లెక్క కుదిరినా ఆ నంబరు మీరు అనుకున్న పదార్థానిదేనా అన్నది సీఏఎస్ కామన్ కెమిస్ట్రీలో చూసుకోవాలి. దాదాపు 5 లక్షల పదార్థాల నంబర్లు అక్కడ ఉచితంగా ఉన్నాయి. ఏఐ చూపిన పత్రానికి డీఓఐ (పత్రం గుర్తింపు సంఖ్య) ఇస్తే దాన్ని తెరిచి, అదే శీర్షిక వస్తుందో లేదో చూడాలి. అంటే ఏఐని వాడేవారికి ఈ డేటాబేస్‌ల అవసరం మరింత పెరిగింది.

చివరగా డబ్బు కట్టి కోర్సులో చేరాలన్న సలహా. స్తోమత ఉండి, మంచి అధ్యాపకులు దొరికితే చేరవచ్చు, అందులో తప్పు లేదు. కానీ అప్పు చేసి చేరే ముందు తల్లిదండ్రులు కొన్ని విషయాలు చూడాలని నా విన్నపం. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటెల్‌లో కెమిస్ట్రీ పాఠాలు మొదటి నుంచి చివరి వరకు ఉచితం, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే రుసుము. పీజీ సిలబస్ మొత్తానికి ఈ-పీజీ పాఠశాలలో పాఠాలు ఉన్నాయి. డిగ్రీ స్థాయి పాఠ్యపుస్తకాలు లిబర్‌టెక్స్ట్స్‌లోనూ, ఓపెన్‌స్టాక్స్‌లోనూ ఉన్నాయి. జామ్, గేట్ పాత ప్రశ్నపత్రాలను ఆ పరీక్షలు నిర్వహించే సంస్థలే తమ వెబ్‌సైట్లలో పెడుతున్నాయి. ముందు ఒక నెల వీటితో చదివించి చూడండి. ఆ తర్వాత కూడా పిల్లలకు ఏ అంశంలో సహాయం కావాలో వారే చెప్పగలుగుతారు. అప్పుడు ఆ ఒక్క అంశానికే డబ్బు ఖర్చు పెట్టవచ్చు.