దేవుడి గదికి రోజుకి 110 గ్యాలన్లు

మసాచుసెట్స్‌లో ఇల్లు అమ్మకానికి పెడితే వంటింటి గ్రానైట్ గురించీ, స్కూలు రేటింగుల గురించీ గొప్పలు చెప్పుకునే భాగ్యం మొదటి వారం వరకే. ఆ తర్వాత ఎవరు ఫోన్ చేసినా పెరట్లో భూమి కింద ఉన్న ట్యాంకు సంగతే అడుగుతారు. బోస్టన్ ఊళ్లో వాళ్లకి ఈ గొడవ లేదు. ఇంట్లో ఫ్లష్ నొక్కితే అది ఎక్కడో డీర్ ఐలాండ్‌కి పోయి శుద్ధి అవుతుంది. మాది బోస్టన్‌కి పడమర, వెస్ట్‌ఫర్డ్, ఆక్టన్ వైపు. చెట్లు ఎక్కువ, తెలుగువాళ్లు ఎక్కువ, సీవర్ లైన్లు తక్కువ. ఎవరి మురుగు వాళ్ల పెరట్లోనే.

ఈ రాష్ట్రంలో టైటిల్ ఫైవ్ అని ఒక నిబంధన ఉంది. 1995లో సవరించి గట్టిగా అమలు చేస్తున్నారు. ఇల్లు చేతులు మారేలోగా, వెనక 2 ఏళ్లలో ఎప్పుడో ఒకప్పుడు, రాష్ట్రం ఆమోదించిన ఇన్‌స్పెక్టరు సెప్టిక్ సిస్టమ్ చూసి రిపోర్టు రాసి ఉండాలి. ఏటా ట్యాంకు తోడించినట్టు రసీదులుంటే ఆ రిపోర్టు 3 ఏళ్లు చెల్లుతుంది. మా ఆయన రసీదుల ఫైలు తీశారు. కాస్ట్‌కోలో కొన్న మొదటి బియ్యం బస్తా దగ్గర్నుంచి అన్నిటికీ రసీదులున్నాయి, దీనికి తప్ప.

ఈయనకి డల్లాస్‌లో ఉద్యోగం ఖాయమైంది. జనవరి ఆఖర్లో క్లోజింగ్, అంటే ఇల్లు కొన్నవాళ్ల పేరు మీదికి మారే రోజు. దాంతో ఇన్‌స్పెక్షన్ సరిగ్గా భోగి రోజున పడింది. మా అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. నాన్న ఆర్‌డబ్ల్యూఎస్‌లో, అంటే గ్రామీణ నీటి సరఫరా శాఖలో, డీఈగా (ఇంజినీరుగా) రిటైరయ్యారు. ఇక్కడికొచ్చాక ఆయనకి పనేమీ లేదు. డిష్‌వాషర్‌లో గిన్నెలు ఏ వాలున పెట్టాలో సలహాలిస్తూ కాలక్షేపం చేస్తున్న మనిషి, సెప్టిక్ ట్యాంకు అన్న మాట చెవిన పడగానే స్వెట్టరు చేతులు పైకి లాక్కున్నారు.

"ఎంత ట్యాంకమ్మా?"

"1,500 గ్యాలన్లట నాన్నా."

"అంటే దగ్గర దగ్గర 5,700 లీటర్లు. నలుగురున్న ఇంటికి అంత ట్యాంకా! సెప్టిక్ ట్యాంకులకి మన దేశపు ప్రమాణం, ఐఎస్ 2470 ప్రకారం చూస్తే, అల్లుడుగారూ..."

అల్లుడుగారికి సరిగ్గా అప్పుడే ఆఫీసు మీటింగు గుర్తొచ్చింది.

ఇక్కడ లెక్కపెట్టేది మనుషుల్ని కాదు, పడకగదుల్ని అని నేనే చెప్పాను. ఒక్కో బెడ్‌రూముకి రోజుకి 110 గ్యాలన్ల మురుగునీరు వస్తుందనుకుని సిస్టమ్ డిజైన్ చేస్తారు. ఆ గదిలో ఎవరూ పడుకోకపోయినా అంతే. నాన్న కాసేపు ఆలోచించారు. "మరి మన పెళ్లిళ్లకి హాల్లో జంపఖానాలు పరిచి పాతికమంది వరసగా పడుకుంటారే, వాళ్లనెలా లెక్కేస్తారు?" అన్నారు. టైటిల్ ఫైవ్‌లో జంపఖానాల ప్రస్తావన లేదు.

ఇన్‌స్పెక్షన్ ముందు రోజు సాయంత్రం మేమిద్దరం ఆఫీసుల నుంచి వచ్చేసరికి పెరట్లో గడ్డి కనిపిస్తోంది. జనవరిలో, మసాచుసెట్స్‌లో, ఊరంతా మోకాలి లోతు మంచుంటే మా పెరడు ఒక్కటే బోడిగా ఉంది. పక్కింటి కుర్రాడి చేతిలో 20 డాలర్లు పెట్టి, వాళ్ల స్నో బ్లోవర్ తెప్పించి, నాన్న దగ్గరుండి ఆ మూల నుంచి ఈ మూల దాకా మంచంతా తీయించేశారు.

"అధికారి వస్తుంటే సైటు శుభ్రం చేసి పెట్టుకోవద్దూ?" అన్నారు.

కలెక్టరు విజిట్ అంటే ముందు రోజే రోడ్డుకి రెండు పక్కలా సున్నం గీతలు కొట్టించి, కాలవల్లో బ్లీచింగ్ చల్లించిన చెయ్యి. మంచు తెల్లగానే ఉంటుంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే సున్నం కోసం హోమ్ డిపోకి కూడా వెళ్లేవారు. ఆ రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 18కి దిగింది.

పొద్దున్నే వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆరడుగుల పైన ఉన్న గడ్డం మనిషి. పెరట్లోకి అడుగు పెట్టి, బూటుతో నేలని ఒక్క తన్ను తన్ని, "మంచు ఎవరు తీశారు?" అని అడిగాడు. నాన్న చెయ్యెత్తారు. మెచ్చుకుంటాడనే అనుకున్నారు.

ఆయన తిట్టలేదు, పాపం. వయసుకి మర్యాదిచ్చి నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. తొక్కకుండా వదిలేసిన మంచు నేలకి దుప్పటి. దాని కింద మట్టి అంత తొందరగా గడ్డకట్టదు, ట్యాంకులో వెచ్చదనం బయటికి పోదు. మంచు తీసేసినా, పిల్లలు స్లెడ్ బండ్లతో ఆడి అణగదొక్కేసినా చలి నేరుగా లోపలికి దిగుతుంది. అందుకే సెప్టిక్ మీద మంచు ముట్టుకోవద్దని శీతాకాలం మొదట్లోనే చెబుతారు. ఈ రాష్ట్రంలో ఇళ్ల పునాదులు 4 అడుగుల లోతుకి తీసుకెళ్లేది కూడా ఈ చలి దెబ్బకే. మా పెరటికి రాత్రంతా దుప్పటి లేదు. నేను తర్జుమా చేస్తున్నంతసేపూ నాన్న తన మఫ్లర్ సర్దుకుంటూ ఉన్నారు.

సరే, మూత ఎక్కడుందో చూద్దామన్నాడు ఇన్‌స్పెక్టరు. ఊరి బోర్డ్ ఆఫ్ హెల్త్ నుంచి తెచ్చిన పాత కాగితం తీశాడు. ఇంటి రెండు మూలలకీ ఏ, బి అని పేర్లు పెట్టి, ఒక్కో మూల నుంచి మూత ఎన్ని అడుగుల దూరమో రాసి ఉంది. రెండు టేపులు ఎక్కడ కలిస్తే అక్కడ మూత. ఇది చూడగానే నాన్న ముఖం మళ్లీ వెలిగింది. టేపు రెండో కొస తనే అందుకుని, "వదులు వదలకండి, అల్లుడుగారూ, బిర్రుగా!" అని అరుస్తూ బి మూలకి నడిచారు.

టేపులు పోయి పోయి పక్కింటి కంచె వారన పైన్ చెట్టు మొదట్లో కలిశాయి.

ఇన్‌స్పెక్టరు చెట్టుని చూశాడు, కాగితాన్ని చూశాడు, ఇంటిని చూశాడు. సంగతేమిటంటే మాకు ముందున్నవాళ్లు ఇంటికి సన్‌రూమ్ కలిపారు. కాగితంలో ఏ అని రాసిన మూల ఇప్పుడు మా సోఫా వెనకాల, మనీప్లాంట్ కుండీ కింద ఉంది. ఇంక సోఫా జరిపి, కిటికీ తీసి, టేపు అందులోంచి బయటికి లాగారు. మైనస్ పది గాలి ఈలేస్తూ లోపలికొచ్చింది. "ఆ కిటికీ వెయ్యండర్రా, పిల్లలకి జలుబు చేస్తుంది!" అని వంటింట్లోంచి అమ్మ కేక. కిటికీ సగం మూస్తే టేపు వంగుతుంది, తెరిస్తే అమ్మ ఊరుకోదు. టేపు వంపు, అమ్మ కోపం రెండూ లెక్కలో కలిసి, మూత ఉండాల్సిన చోటు ఒక మంచమంత జాగా అయింది. ఇన్‌స్పెక్టరు ఇనప చువ్వ తీసి ఆ జాగాలో గుచ్చి చూశాడు. టంగున మోగింది. ఇంకోచోట గుచ్చాడు, టంగుమంది. ఎక్కడ గుచ్చినా ట్యాంకు మూత ఉన్నట్టే వినిపిస్తోంది.

అప్పుడు నాన్నకి భోగి గుర్తొచ్చింది.

"నేల మెత్తబడాలి, అంతేగా? ఎలాగూ భోగి. ఇక్కడే మంట వేసేస్తే అటు పండగా అవుతుంది, ఇటు పనీ అవుతుంది. బేస్‌మెంట్‌లో విరిగిన కుర్చీలున్నాయి కదమ్మా!"

ఆలోచన బాగానే ఉందనిపించి నేను తర్జుమా చేశాను. ఇన్‌స్పెక్టరు గడ్డం నిమురుకుని మొదలుపెట్టాడు. మసాచుసెట్స్‌లో ఆరుబయట మంట వేయడానికి సీజను జనవరి 15 నుంచి మే 1 వరకు. ఈరోజు 14. రేపైనా ఫైర్ డిపార్ట్‌మెంట్ పర్మిట్ ఉండాలి. పొద్దున 10 నుంచి సాయంత్రం 4 లోపే వెయ్యాలి. ఇళ్లకి 75 అడుగుల దూరంలో ఉండాలి. ఎండుకొమ్మలు తప్ప కుర్చీలూ తలుపులూ కాల్చకూడదు. అంటే తెల్లవారుజామున, వాకిట్లో, పాత సామానుతో వేసే మన భోగి మంటని ఎవరో దగ్గరుండి చూసి, ఒక్కొక్క అంశానికీ ఒక్కొక్క రూలు రాసినట్టుంది. మరీ సీజను పండగ మర్నాడు మొదలవడం చూస్తే నాకు అనుమానమే.

"అన్నిటికన్నా ముందు, ట్యాంకులో మీథేన్ ఉంటుంది" అన్నాడు చివర్లో.

అది నాన్నకి తెలియంది కాదు. ట్యాంకు నెత్తిన నిప్పు పెడదామన్నది తనేనని గుర్తొచ్చి, చటుక్కున మాట మార్చారు. "లోపలికి మనిషి దిగడు కదా? అది అడుగు ముందు" అన్నారు. ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపాడు. ఎవరూ దిగరు, తల కూడా లోపలికి పెట్టరు, పైనుంచే అన్నీ అన్నాడు. నాన్న "మంచిది" అన్నారు. మన దగ్గర మనుషుల్ని అలా దించకూడదని 2013లో చట్టమే చేశారు. నాన్న సర్వీసు చాలామటుకు అంతకు ముందుది. ఆ రోజుల్లో చూసిన ఒకటి రెండు సంగతులు ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

ఈలోగా అమ్మ శాలువా కప్పుకుని టీ కప్పులతో వచ్చింది. అందరి ముఖాలూ చూసింది.

"ఏవండీ, ఆ మూత దగ్గర మంచు నిలవదా ఏమిటి?"

"నిలవదు. లోపల వెచ్చగా ఉంటుందిగా. మూత పైకి ఉంటే మంచు కరిగి గుండ్రంగా మచ్చ కనిపిస్తుంది. అది చూసే పట్టేస్తారు."

"అయితే నేను రోజూ పిచ్చుకలకి బియ్యం వేస్తున్నది అక్కడే. ఎంత మంచు పడ్డా ఆ కాస్త జాగా ఖాళీగా ఉంటోందని మొన్ననే చెప్పాను. ఊఁ అన్నారు, పేపరు చదువుకుంటూ."

సంక్రాంతికి చూరుకి వరి కంకులు కట్టడం అమ్మకి అలవాటు. ఇక్కడ చూరూ లేదు, కంకులూ లేవు, అందుకని సోనా మసూరి గుప్పెడు. కానీ ఆ మచ్చ ఇప్పుడేది? నిన్న మంచుతోపాటు అదీ పోయింది. ఇన్‌స్పెక్టరుకి ఈ సంభాషణ చెప్పగానే కప్పు కింద పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేల మీద టార్చి వేస్తూ జరిగాడు. పెరటి మధ్యలో ఒకచోట ఆగాడు. గడ్డి మొదళ్లలో, బ్లోవర్‌కి అందకుండా, మంచు పట్టి మెరుస్తూ పది పన్నెండు బియ్యపు గింజలు అతుక్కుని ఉన్నాయి.

అక్కడ చువ్వ దిగింది. అరడుగు లోతులో కాంక్రీటు మూత. కంచెకీ సోఫాకీ కూడా చాలా దూరం.

మూత లేవగానే గుప్పున ఆవిరొచ్చింది, దాంతోపాటు రావలసినదీ వచ్చింది. మేమందరం రెండడుగులు వెనక్కి వేశాం. నాన్న మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, మెడ సాచి, పరీక్షగా చూశారు. ఎన్నాళ్లకో సొంత డిపార్ట్‌మెంటు మనిషి కనిపించిన ఆనందం ఆయన ముఖంలో. ఇన్‌స్పెక్టరు పొడుగాటి పారదర్శక గొట్టం దించి పైకి తీశాడు. అడుగున బురద ఎంత, మధ్యలో నీళ్లెంత, పైన తేలే తెట్టు ఎంత అని అందులో కనిపిస్తుంది. తెట్టు దగ్గర ఆగాడు. మళ్లీ దించాడు. మళ్లీ ఆగాడు.

"మీరు ఇంట్లో కేటరింగ్ చేస్తున్నారా?"

మూడు రోజులుగా అరిసెలు, జంతికలు, సకినాలు. నూనె ఎక్కడికి పోయిందో నాకు అప్పుడర్థమైంది. "ఊరికే పొయ్యలేదు, వేడినీళ్లు కలిపే పోశాను" అంది అమ్మ. వేడినీళ్లు ట్యాంకు దాకా వెళ్లాక చల్లారతాయనీ, నూనె మళ్లీ పైకి తేలి గడ్డకడుతుందనీ ఇన్‌స్పెక్టరు వివరించాడు. వివరించిన కాసేపటికి అమ్మ ఆయన చేతిలో అరిసెల డబ్బా పెట్టింది. తెట్టు దళసరిగా ఉందిగానీ ట్యాంకు గట్టిగానే ఉంది, తోడిస్తే చాలు అన్నాడు, అరిసె నములుతూ.

ట్యాంకు నుంచి వచ్చే నీళ్లని, అవి నేలలోకి ఇంకే లీచ్ ఫీల్డ్‌లోకి సమానంగా పంచే డబ్బా ఒకటుంటుంది, డి-బాక్స్ అంటారు. దాన్ని తెరవకుండా రిపోర్టు పూర్తి కాదు. అక్కడ పిచ్చుకలూ లేవు, వెచ్చదనమూ లేదు. గునపం ఎగిరెగిరి పడింది. సరేనని ఇన్‌స్పెక్టరు చేతులు దులుపుకున్నాడు. టైటిల్ ఫైవ్ రాసినవాళ్లు ఇక్కడివాళ్లే కాబట్టి చలి సంగతి వాళ్లకీ తెలుసు. వాతావరణం వల్ల ఇన్‌స్పెక్షన్ కుదరకపోతే, అమ్మేవాళ్లు ఆ విషయం కొనేవాళ్లకి రాతపూర్వకంగా తెలియజేసి ఇల్లు అమ్ముకోవచ్చు. నేల కరగగానే, ఎట్టి పరిస్థితిలోనూ 6 నెలలు దాటకుండా, పూర్తి చేయించాలి. అప్పటిదాకా కొంత డబ్బు లాయరు దగ్గర ఆగుతుంది.

అంతా అయిపోయిందనుకుంటే ఫారంలో ఇంకో రెండు గళ్లున్నాయి. డిజైన్ ప్రకారం బెడ్‌రూములెన్ని? 4. ఇప్పుడున్నవెన్ని? ఇన్‌స్పెక్టరు ఇల్లంతా తిరిగొచ్చి 5 అన్నాడు. పూజ గదిని కలిపాడు.

70 చదరపు అడుగులకి పైన ఉంది, కిటికీ ఉంది, కరెంటు ఉంది, వేసుకోవడానికి తలుపుంది. కాబట్టి బెడ్‌రూమే. నాలుగు గదులకి కట్టిన సిస్టమ్ మీద ఐదో గది భారం, రోజుకి ఇంకో 110 గ్యాలన్లు. అందులో ఎవరూ పడుకోరని నేను వాదించాను.

"అలా ఎలా అంటావే? రోజూ రాత్రి పవళింపు సేవ చేస్తున్నాంగా" అంది అమ్మ. అదృష్టం కొద్దీ తెలుగులో అంది.

తలుపు తీసేసి గుమ్మం వెడల్పు చేస్తే చాటు ఉండదు, అప్పుడది బెడ్‌రూము కింద రాదు, ఊరివాళ్లతో ఒకసారి మాట్లాడుకోండని ఇన్‌స్పెక్టరే ఉపాయం చెప్పాడు. ఆ వారాంతం ఈయనా నాన్నా కలిసి తలుపు ఊడదీశారు. మేస్త్రీని పిలిచి గుమ్మం కోయించారు. దేవుడికి ఏకాంతం పోయిందిగానీ ఇంటికి నాలుగు బెడ్‌రూములే మిగిలాయి.

మా ఇల్లు కొనుక్కున్నది నెల్లూరు వాళ్లు. క్లోజింగుకి ముందు చివరిసారి చూసుకోవడానికి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. రాతపూర్వకంగా తెలియజేయవలసింది ఈయన తెలియజేస్తుంటే, నాన్న పక్కనుండి డి-బాక్స్ బొమ్మ గీసి చూపించారు. వాళ్లు శ్రద్ధగా తలూపారు. మే నెలలో తవ్విద్దాం, పర్లేదన్నారు. తర్వాత ఆవిడ పూజ గది ముందు ఆగిపోయింది.

"అయ్యో, మొన్న చూసినప్పుడు తలుపుందే! దానికి గంటలు కూడా ఉన్నాయి. అది చూసే ఈ ఇల్లు ఖాయం చేసుకున్నాం."

తలుపు బేస్‌మెంట్‌లో ఉందని ఈయన గొంతు తగ్గించి చెప్పారు. ఆవిడ భర్త ఒకసారి గుమ్మం వైపు, ఒకసారి నాన్న గీసిన బొమ్మ వైపు చూసి, తనూ గొంతు తగ్గించారు.

"బందులూ స్క్రూలూ కూడా అక్కడే పెట్టారా అండీ?"