ఐదు బంతుల ఓవరు

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం పత్రిక దసరా సంచికకు ఏదైనా సరదాగా రాయమని సంపాదకులు అడిగారు. క్షమించాలి. ఆగస్టు చివరి ఆదివారం నాటి మన సంఘం క్రికెట్ ఫైనల్ తరువాత నా కలానికి సరదా అంటడం లేదు.

మైదానానికి వచ్చినవారికి జరిగిందేమిటో తెలుసు. రానివారికి మన వాట్సాప్ బృందాలు ఈపాటికి పది రకాలుగా చెప్పే ఉంటాయి. పదకొండోది నాది. చివరి ఓవరు నడుస్తోంది. నాలుగు బంతులు పడ్డాయి, మధ్యలో ఒక వైడు, ఆ తరువాత ఇంకొక బంతి. గెలుపు మూడు పరుగుల దూరంలో ఉండగా అంపైరు ఓవరు అయిపోయిందన్నాడు. స్కోరు రాస్తున్న అమ్మాయి, హైస్కూలు పిల్ల, ఫోను పైకెత్తి పట్టుకుని "అంకుల్, ఇంకా ఒక బంతి ఉంది" అని అరుస్తూనే ఉంది. ఎవరు వింటారు? అప్పటికే ఒక జట్టు వికెట్లు పీకి చేతబట్టుకుంది. రెండో జట్టు అంపైరును చుట్టుముట్టింది.

పాపం అతను ఆరు గులకరాళ్లు కుడి జేబులో వేసుకుని, బంతికొకటి చొప్పున ఎడమ జేబులోకి మారుస్తున్నాడు. ఓవరు లెక్కలోకి రాని వైడుకూ ఒక రాయి మార్చేశాడు. అంతే జరిగింది. చదువుకోవడానికి వచ్చి ఎనిమిది నెలలు కాని కుర్రాడు. మధ్యాహ్నం బిర్యానీ ఉంటుందని స్నేహితుడు తీసుకువస్తే వచ్చాడు. వచ్చినవాడి నెత్తిన మనమే తెల్ల టోపీ పెట్టాం. సాయంత్రం పార్కింగ్ దగ్గర కారు వెనక నిలబడి కళ్లు తుడుచుకుంటుంటే చూశాను.

అతన్ని అక్కడ నిలబెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను కనుక ఈ వ్యాసం.

మే నెల కార్యవర్గ సమావేశం సంగతి చాలామందికి తెలియదు. ఆరేళ్లుగా మన పోటీలకు అంపైరింగ్ చేస్తున్న నలుగురు ఒక ఉత్తరం పంపారు. రోజుకు మనిషికి అరవై డాలర్లు, నిలబడడానికి కాస్త నీడ, అప్పీలు ఏదైనా కెప్టెన్ ద్వారానే రావాలన్న నియమం. అడిగినవి ఈ మూడే. నలుగురికీ పెద్ద, మనమందరం మాస్టారు అని పిలిచే ఆయన, ఒకప్పుడు ఒంగోలు ప్రాంతంలో వ్యాయామ ఉపాధ్యాయుడు. ఇక్కడ గిడ్డంగిలో షిఫ్టు పని చేస్తారు. శని, ఆదివారాలు మన మైదానంలో నిలబడ్డారంటే ఆ రెండు షిఫ్టుల కూలి పోయినట్టే. మనలో చాలామందికి జీతం నెలకు లెక్క. ఆయనకు గంటకు లెక్క. ఆ తేడా ఆ రోజు మా బుర్రకు తట్టలేదు.

"సేవకు వెల కడతామా?" అన్నారు ఒకరు. మాట బాగుంది. నేను చెయ్యి ఎత్తాను. నలుగురు, నాలుగు రోజులు, 960 డాలర్లు మిగిలాయి. అదే సమావేశంలో ఉగాది నాటి వేదిక అలంకరణ ఖర్చు, అతిథుల శాలువాలు, జ్ఞాపికల ఖర్చు చదివారు. అది ఎంతో ఇక్కడ రాయను, నిబంధనావళి ప్రకారం అడిగి చూసుకోండి. దానికి ఎవరమూ నోరు మెదపలేదు. అంపైర్లకు "ఈ ఏడాది మీరు విశ్రాంతి తీసుకోండి" అని మెయిలు వెళ్లింది. సభ్యులకు మాత్రం "అంపైర్లు తప్పుకున్నారు" అని చెప్పాం.

ఆ 'తప్పుకున్నారు' అన్న మాట గొంతులో ముల్లులా దిగింది. అది నాకు పాత ముల్లు. సియాటిల్‌లో ఉంటున్నవారికి చెప్పనక్కరలేదు, తక్కినవారికి చెబుతాను.

2012 సెప్టెంబరు 24, సోమవారం రాత్రి. మా సియాటిల్ జట్టు సీహాక్స్‌కూ, విస్కాన్సిన్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్‌కూ ఆట. అమెరికన్ ఫుట్‌బాల్ నాకు అప్పుడే అంటుకుంటున్న పిచ్చి. ఆఫీసులో ఒకాయన తన భార్యకు ఒంట్లో బాగాలేక టికెట్ నాకిచ్చాడు. నీలం చొక్కా అరువు తెచ్చుకుని మరీ వెళ్లాను. మొదటి సగంలో మనవాళ్లు ప్యాకర్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ముఖ్య ఆటగాడు) ఆరన్ రాడ్జర్స్‌ను ఎనిమిదిసార్లు నేలకేసి కొట్టారు. (మనవాళ్లు అంటున్నాను చూశారా.) అయినా చివరికి వచ్చేసరికి 12-7తో వెనకబడి ఉన్నాం. ఎనిమిది సెకన్లు మిగిలాయి. కొత్త కుర్రాడు రసెల్ విల్సన్ దేవుడి మీద భారం వేసి బంతిని ఎండ్‌జోన్‌లోకి, అంటే మైదానం చివరి గడిలోకి, విసిరాడు. అక్కడ ఒక గుంపు గాల్లోకి లేచింది. ప్యాకర్స్ ఆటగాడు జెన్నింగ్స్ బంతిని గుండెకు హత్తుకున్నాడు. మన గోల్డెన్ టేట్ దాని మీద చెయ్యి వేశాడు. అందరూ కుప్పగా పడ్డారు. కుప్ప దగ్గరకు ఇద్దరు రిఫరీలు పరుగెత్తుకొచ్చారు. ఒకరు రెండు చేతులూ పైకెత్తి టచ్‌డౌన్, అంటే మనకు ఆరు పాయింట్లు, అన్నారు. పక్కనే ఉన్న రెండో ఆయన ఆట ఆపుతున్నట్టు తల మీద చేతులు ఆడించారు. ఒకే కుప్ప, ఇద్దరు అధికారులు, రెండు తీర్పులు. ఆ ఫొటో ఇప్పటికీ ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది.

రీప్లే చూశారు. టచ్‌డౌన్ నిలిచింది. ఆట ముగిసిందనుకుని వెళ్లిపోయిన ప్యాకర్స్ ఆటగాళ్లను మళ్లీ పిలిపించి మిగిలిన ఒక్క పాయింటు కిక్కు కొట్టించారు. 14-12. రొట్టె విరిగి నేతిలో పడింది. నేను ఎవరో తెలియని మనిషిని కౌగిలించుకుని గెంతాను.

మర్నాడు ఈ ఆటలు నడిపే లీగు, ఎన్ఎఫ్ఎల్, తాపీగా ఒక ప్రకటన ఇచ్చింది. రీప్లే తీర్పును సమర్థిస్తూనే, బంతి అందకముందే టేట్ ప్రత్యర్థిని నెట్టాడనీ, అది తప్పు కింద పట్టవలసిందనీ, పట్టి ఉంటే ఆట అక్కడే ముగిసేదనీ ఒప్పుకుంది. ఫలితం మాత్రం మారదంది. ఆఫీసులో విస్కాన్సిన్ అమ్మాయి ఒకతె ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. నేనే రిఫరీని అయినట్టు.

ఆ జీబ్రా చారల చొక్కాల్లో ఉన్నది అసలు రిఫరీలు కారు. మన వాళ్లలో చాలామంది, అప్పట్లో నేనూ, రిఫరీలు సమ్మె చేశారనే అనుకున్నాం. కాదు. అది లాకౌట్. పాత ఒప్పందం ముగిశాక ఆ జూన్‌లో లీగే గేటు వేసింది. గొడవ ముఖ్యంగా పింఛను మీద. ఇంత అని ఖాయంగా వచ్చే పింఛను తీసేసి, మార్కెట్టుతో పెరిగి తరిగే 401కె ఖాతాకు మారమన్నారు. ఖాయమైన పింఛను బదులు వచ్చిన సీపీఎస్ రద్దు చేయమని మన ఉపాధ్యాయులు ఏళ్ల తరబడి ధర్నాలు చేయడం చూసినవారికి ఇంతకంటే వివరించనక్కరలేదు. ఏడాదికి 900 కోట్ల డాలర్ల ఆదాయం ఉన్న సంస్థ, సుమారు 120 మంది దగ్గర పట్టిన పట్టు అది. బదులుగా చిన్న కళాశాలల ఆటల నుంచి, స్కూలు ఆటల నుంచి మనుషుల్ని తెచ్చి 48 లీగు ఆటలు నడిపారు. ఒక ఆటలో పదిహేను గజాల శిక్ష కొలవబోయి ఇరవై ఏడు గజాలు కొలిచారు. ఆ రాత్రి టచ్‌డౌన్ అని చేతులెత్తినాయన మామూలు రోజుల్లో కాలిఫోర్నియాలో బ్యాంకు ఉద్యోగి. ఆయనను తిట్టనివారు లేరు. గేటు వేసినవారి పేర్లు తిట్టినవారిలో ఎందరికి తెలుసు?

తమాషా ఏమిటంటే, అంతకు ఏడాది ముందే ప్రభుత్వోద్యోగుల సంఘాల బేరసారాల హక్కును కత్తిరించిన విస్కాన్సిన్ గవర్నరు కూడా అసలు రిఫరీలను వెనక్కి తీసుకురండని గోల పెట్టాడు. తన జట్టు ఓడితే సంఘం విలువ తెలిసింది ఆయనకు. నవ్వుకున్నాను. మే నెలలో నేను ఎత్తిన చెయ్యి గుర్తొస్తే ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఆ సోమవారం తరువాత రెండు రోజుల్లో, 26 రాత్రి, ఒప్పందం కుదిరింది. అప్పటికే పనిలో ఉన్నవారికి పాత పింఛను 2016 సీజను దాకా. 2011లో సగటున 1,49,000 డాలర్లున్న జీతం 2013కు 1,73,000, 2019కి 2,05,000. గురువారం బాల్టిమోర్‌లో అసలు రిఫరీలు మైదానంలోకి నడిచి వస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రిఫరీలకు!

లీగు వాదనలో పస లేదనను. ఆ రిఫరీల్లో చాలామందికి అది రెండో ఉద్యోగం. న్యాయవాదులూ టీచర్లూ వాళ్లలో ఉన్నారు. మన కోశాధికారి మాటలోనూ కొంత నిజముంది, ఈసారి చందాలు తక్కువే. అసలు రిఫరీలు తప్పు చేయరనీ కాదు. 2019 జనవరిలో న్యూ ఆర్లియన్స్‌లో సెయింట్స్, ర్యామ్స్ ఆటలో కళ్లెదుట జరిగిన తప్పును వాళ్లే వదిలేశారు, ఒక జట్టుకు లీగు ఫైనల్, సూపర్ బౌల్, పోయింది. మాస్టారు కూడా నన్ను ఒకసారి తప్పుడు ఎల్బీ ఇచ్చి పంపారు. బ్యాటుకు తగిలిందని నాకు తెలుసు, నా బ్యాటుకు తెలుసు. ఇంటికి వచ్చి అన్నం తిని పడుకున్నాను. ఆయన బంతులు లెక్కపెట్టే కౌంటర్ చేతబట్టుకుని, ఎండలో ఆరు గంటలు మోకాళ్లు నొప్పెట్టేలా నిలబడి చూసే మనిషని తెలుసు కనుక ఆ తప్పు తప్పుగానే మిగిలింది. ఐదు బంతుల ఓవరుకు మాత్రం రెండు జట్లు, వాళ్ల కుటుంబాలు, ఇప్పుడు బతుకమ్మ ఏర్పాట్ల బృందంలో వంటవాళ్లు కూడా, చీలిపోయి కూర్చున్నారు.

మన ఊళ్లలో అంపైరు ఎవరు? బ్యాటింగ్ జట్టులో వంతు రానివాడు. చెరువు గట్టు కింద ఎండిన మడిలో, ఇటుకలు పేర్చి ఆడిన ఆటల్లో నేనే మా అన్నయ్యను మూడుసార్లు రనౌట్ నుంచి కాపాడాను. దెబ్బలాడుకున్నాం, సాయంత్రానికి కలిసి ఈతకు పోయాం. ఆ తీపి నాకూ ఉంది. 'ఎవరో ఒకరు నిలబడతారులే' అన్న మన ధీమా అక్కడి నుంచే వచ్చింది. కానీ అక్కడ ప్రవేశ రుసుము లేదు, ట్రోఫీ లేదు, స్పాన్సరు బ్యానరు లేదు. ఇవన్నీ పెట్టుకున్నాక అంపైరు ఒక్కడే మడిలో ఆట నాటి అంపైరుగా ఉండాలంటే, కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ గుండులా పెరగాలి అన్నట్టుంది. పురోహితుడికి దక్షిణ అడగకుండానే తాంబూలంలో పెడతాం. గాయనికి విమానం టికెట్ ముందే తీస్తాం. మాస్టారికి ఆరేళ్లలో పెట్టింది చల్లారిన పులిహోర.

2019 దసరాకు హైదరాబాద్ వెళ్లాను. అప్పుడే ఆర్టీసీ సమ్మె మొదలైంది, 52 రోజులు నడిచింది. ప్రభుత్వం తాత్కాలిక డ్రైవర్లు, కండక్టర్లతో బస్సులు తిప్పింది. "ఆ బస్సు ఎక్కకు నాయనా, డ్రైవరు కొత్తవాడట" అంది మా చిన్నమ్మ. అంతకుముందు ముప్పై ఏళ్లలో డ్రైవరు ఎవరని ఆమె అడిగిన పాపాన పోలేదు.

ఫైనల్ నాడు మాస్టారు ప్రేక్షకుల్లో, మనవరాలితో పాటు మడత కుర్చీలో ఉన్నారు. గొడవ ముదిరాక ఓడిన జట్టు కెప్టెన్ ఆయన దగ్గరకు పరుగెత్తాడు. "మాస్టారూ, మీరే చెప్పండి, ఐదు బంతులే కదా?" ఆయన లేచి, నెమ్మదిగా పిచ్ దాకా నడిచారు. "ఐదే బాబూ. అంపైరు లెక్క తప్పినా ఆయన లెక్కించిన ఓవరే ఓవరని నియమం. తీర్పు ఆయనదే, ఫలితం అదే" అన్నారు. ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, తన జేబులోని కౌంటర్ తీసి అతని చేతిలో పెట్టారు. మేం పనికిరారని పంపేసిన మనిషి, మేం తెచ్చి నిలబెట్టిన మనిషిని కాపాడారు. నేను నీళ్ల సీసాలు సర్దుతున్నట్టు నటిస్తూ వంగి ఉన్నాను.

వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నాను. వాళ్లు అడిగిన మూడూ ఇవ్వాలి. డబ్బు చాలకపోతే శాలువాలు తగ్గించాలి. 'తప్పుకున్నారు' అన్న మాటను మన పత్రికలోనే, ఇదే సైజు అక్షరాల్లో సరిదిద్దాలి. బలపరచడానికి ఒకరు కావాలి. మాస్టారికి వచ్చే ఆదివారం సెలవట, సాయంత్రం నాలుగింటికి వాళ్లింటికి వెళ్తున్నాను. మే నెలలో నాతో పాటు చెయ్యెత్తినవారు ఆరుగురున్నారు. కారులో నాలుగు సీట్లు ఖాళీ.