ప్రకటన, ఫోను, బోర్డు సీటు: కొరియాలో మీడియాకు వేసిన కళ్లేలు

2024 డిసెంబర్ 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్-యోల్ మార్షల్ లా, అంటే సైనిక పాలన, ప్రకటించారు. వెంటనే వెలువడిన మొదటి సైనిక ఉత్తర్వులో మూడో నిబంధన: వార్తా సంస్థలు, ప్రచురణలన్నీ మార్షల్ లా కమాండ్ అదుపులో ఉంటాయి. ఛానళ్లు మాత్రం ప్రసారం ఆపలేదు. ఎంపీలు గోడ దూకి పార్లమెంటులోకి వెళ్లడం దేశమంతా ప్రత్యక్షంగా చూసింది. తెల్లవారేసరికి మార్షల్ లా ఎత్తేశారు. ఇంత మొరటు పద్ధతి కొరియాలో పారదు. అక్కడి పాలకులకు దశాబ్దాలుగా అక్కరకొచ్చిన సాధనాలు వేరు, అవి జనం కంట పడేవి కావు.

మొదట్లో వాళ్లూ మొరటుగానే పోయారు. అమెరికన్ సైనిక పాలన 1946లో తెచ్చిన 88వ ఆర్డినెన్సును అడ్డం పెట్టుకుని తొలి అధ్యక్షుడు సింగ్‌మన్ రీ ప్రభుత్వం 1959 ఏప్రిల్‌లో క్యుంగ్‌హ్యాంగ్ షిన్‌మున్ దినపత్రికను మూయించింది. ఏడాది తిరిగేసరికి విద్యార్థుల తిరుగుబాటులో రీ గద్దె దిగారు, పత్రిక మళ్లీ అచ్చయింది. 1961లో వచ్చిన పార్క్ చుంగ్-హీ సైనిక పాలన మిన్‌జోక్ ఇల్బో పత్రిక అధిపతి చో యోంగ్-సుకు ఏకంగా మరణశిక్ష అమలు చేసింది. 2008లో పునర్విచారణ జరిపిన కోర్టు ఆయన నిర్దోషి అని తేల్చింది.

అసలు మలుపు 1974. అక్టోబర్ 24న డాంగ్-ఆ ఇల్బో దినపత్రిక విలేకరులు పత్రికా స్వేచ్ఛను చాటుతూ ప్రతిజ్ఞ చేశారు. బయటివాళ్ల జోక్యం ఒప్పుకోం, నిఘా ఏజెంట్లను న్యూస్‌రూమ్‌లోకి రానివ్వం అన్నారు. పార్క్ ప్రభుత్వం పత్రికను ముట్టుకోలేదు. నిఘా విభాగం వ్యాపార ప్రకటనలిచ్చే కంపెనీలను పిలిపించి మాట్లాడింది, అంతే. డిసెంబర్ నెలాఖరుకు పత్రికలో ప్రకటనల చోటు తెల్లకాగితంగా వెలువడింది. ఆ ఖాళీలను పాఠకులు తలా కొంత డబ్బు కట్టి చిన్న చిన్న ప్రకటనలతో నింపారు. ఆ నెలల పత్రిక చూస్తే ఇంత పాఠకాభిమానం ఉన్న సంస్థ ఓడిపోతుందని ఎవరూ అనుకోరు. కానీ ఓడింది. చందాలతో కొన్ని వారాలు లాగొచ్చు గానీ రోటరీ యంత్రం, కాగితం, జీతాలు ఏళ్ల తరబడి గడవవు. 1975 మార్చి 17 వేకువన, సమ్మెలో ఉన్న విలేకరులను యాజమాన్యమే మనుషులను పెట్టి బయటికి ఈడ్పించింది. వందమందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఈ మొత్తంలో ప్రభుత్వ సంతకం ఉన్న కాగితం ఒక్కటీ లేకపోవడమే ఆ పద్ధతిలోని ఒడుపు.

పార్క్ తర్వాత గద్దెనెక్కిన సైనికాధికారి చున్ డూ-హ్వాన్ ఈ పాఠాన్ని ఒక వ్యవస్థగా మార్చారు. 1980లో వందల మంది జర్నలిస్టులను తీసేసి, ప్రైవేటు ప్రసార సంస్థలు టీబీసీ, డీబీఎస్‌లను ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ కేబీఎస్‌లో కలిపేసి, వార్తా ఏజెన్సీలను యోన్‌హాప్‌గా కుదించి, ప్రతి రాష్ట్రానికి ఒకే దినపత్రిక మిగిల్చారు. మిగిలినవాటికి పోటీ లేదు, లాభాలకు కొదవ లేదు. ఇక నోరెత్తాల్సిన అవసరం యజమానికేముంది? ఆపైన రోజువారీ పని ఫోను చేసింది. సమాచార శాఖలోని ఒక విభాగం నుంచి ఫోను వస్తే డెస్క్‌లో రాసుకునేవారు: ఈ వార్త వేయొచ్చు, ఇది వద్దు, ఇది ససేమిరా వద్దు, ఏ పేజీలో, ఎన్ని కాలమ్‌లలో, ఫొటోతోనా, ఫొటో లేకుండానా. హాంకుక్ ఇల్బో విలేకరి కిమ్ జు-ఇయోన్ ఆ చిట్టాను బయటికి చేరవేయగా, 1986 సెప్టెంబర్‌లో ‘మాల్’ పత్రిక ప్రచురించింది. పది నెలల కాలానికి 584 ఆదేశాలు. బయటపెట్టినవాళ్లను జైల్లో వేశారు.

1987 ప్రజాస్వామ్య ఉద్యమం తర్వాత ఫోను చచ్చిపోలేదు. 2014లో సెవోల్ నౌక మునిగినప్పుడు అధ్యక్ష భవనం ప్రెస్ వ్యవహారాల కార్యదర్శి లీ జంగ్-హ్యున్ కేబీఎస్ వార్తా విభాగాధిపతికి ఫోన్ చేసి, కోస్ట్‌గార్డ్‌ను విమర్శించే కథనాలు తగ్గించమన్నారు. సంభాషణ రికార్డయి ఉంది కాబట్టి దొరికారు. ప్రసార చట్టం కింద కోటి వాన్‌ల (వాన్ కొరియా కరెన్సీ) జరిమానాను 2020లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. రికార్డు కాని ఫోన్లకు శిక్షలుండవు.

ఇదంతా కన్జర్వేటివ్‌ల పాపమేనంటే పొరపాటు. 2001లో ఉదారవాద అధ్యక్షుడు కిమ్ డే-జుంగ్ హయాంలో పెద్ద పత్రికలపై పన్ను తనిఖీలు జరిగాయి, యజమానులు అరెస్టయ్యారు. ఎగవేతలు నిజమే, ఎంచుకున్న అదను మాత్రం రాజకీయం. 2007లో ఆయన పక్షానికే చెందిన తర్వాతి అధ్యక్షుడు రో మూ-హ్యున్ మంత్రిత్వ శాఖల ప్రెస్ రూములు మూయించారు. ఆ గదుల్లో పాతుకుపోయిన విలేకరుల క్లబ్బుల గుత్తాధిపత్యం పోవాల్సిందే గానీ, అధికారుల దగ్గరికి వెళ్లే దారి కూడా దాంతో ఇరుకైంది.

ఇప్పటి పోరంతా బోర్డు సీట్ల మీద. 2025 దాకా ఉన్న చట్టం ప్రకారం కేబీఎస్ బోర్డులో 11 మంది. పాలకపక్షానికి 7, ప్రతిపక్షానికి 4 అన్నది చట్టంలో ఎక్కడా లేని ఆనవాయితీ. మరో ప్రసార సంస్థ ఎంబీసీలో 70 శాతం వాటా ఉన్న ఫౌండేషన్‌ బోర్డులో ఇదే లెక్క 6, 3గా ఉండేది. ప్రభుత్వం మారితే బోర్డు, బోర్డు మారితే సీఈవో, సీఈవో మారితే వార్తల విభాగం. 2012లో ఎంబీసీ ఉద్యోగులు 170 రోజులు సమ్మె చేసింది ఈ గొలుసు మీదే. డబ్బు వైపు కూడా ఒక మీట ఉంది: నెలకు 2,500 వాన్‌ల టీవీ రుసుము. 1994 నుంచి కరెంటు బిల్లుతో కలిపి వసూలయ్యేది. 2023లో యూన్ ప్రభుత్వం దాన్ని విడదీసింది, 2025లో పార్లమెంటు చట్టం చేసి మళ్లీ కలిపింది.

2025 ఆగస్టులో వచ్చిన ప్రసార చట్టాలు కేబీఎస్ బోర్డును 15కు పెంచాయి. పార్లమెంటుకు 6 సీట్లే. మిగతా పేర్లు ప్రేక్షకుల కమిటీ, ఉద్యోగులు, మీడియా విద్యాసంఘాలు, న్యాయవాద సంఘాలు సూచిస్తాయి. సీఈవో ఎంపికకు వందమందికి తగ్గకుండా పౌరుల కమిటీ ఉంటుంది. ఇది పాత ఆనవాయితీ కంటే ఎంతో మెరుగు, సందేహం లేదు. అయితే ఏ విద్యాసంఘం, ఏ న్యాయవాద సంఘం అన్నది ప్రసార నియంత్రణ కమిషన్ రాసే నిబంధనకు వదిలేశారు. 2024 జూలైలో ఐదుగురు ఉండాల్సిన ఆ కమిషన్‌లో ఇద్దరే కూర్చుని కేబీఎస్, ఎంబీసీ బోర్డు నియామకాలు తేల్చేశారు. ఇప్పుడు దాని స్థానంలో కొత్త కమిషన్ వచ్చింది, నిబంధన రాసే కలం దాని చేతిలోనే ఉంది.